అమ్మ చెప్పిన అర్థాలు

మా ఇంట్లో మాత్రమే నడిచే భాష ఒకటుండేది. అది పూర్తిగా తెలిసినవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద ఇద్దరే, మా అమ్మా, మా అక్కా. నాకు సగం వచ్చు. అక్కకు పుట్టుకతోనే వినపడదు, మాట కూడా రాలేదు. మెయిన్‌ల్యాండ్‌లో వినపడని పిల్లల బడి ఉందని, అందులో చేర్పిద్దామని నాన్న ఒకసారి అన్నాడట. మా దీవుల నుంచి ఓడలో మూడు రోజుల దూరాన పిల్లను వదిలిపెట్టి రావడానికి అమ్మ ఒప్పుకోలేదు. అందుకని అక్క ఏ బడిలోనూ సైగల భాష నేర్చుకోలేదు. అవసరం వచ్చినప్పుడల్లా అమ్మా తనూ కలిసి ఒక్కో సైగ తయారు చేసుకుంటూ పోయారు.

ఆదివారం అంటే ఇస్త్రీపెట్టె తోస్తున్నట్టు చెయ్యి కదపడం. జెట్టీలో పనిచేసే నాన్న వారానికి సరిపడా యూనిఫారాలు ఆ రోజే ఇస్త్రీ చేసుకునేవాడు. నాన్న పోయాక ఆ ఇంట్లో ఆదివారం నాడు ఇస్త్రీ చేసినవాళ్ళు లేరు గానీ ఆదివారం పేరు మాత్రం మారలేదు. మెయిన్‌ల్యాండ్ అంటే అరచేతిని ఓడలా అటూ ఇటూ ఊపి, వాంతి వస్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం. అక్క జన్మలో ఒక్కసారి శ్రీకాకుళం చుట్టాలను చూడటానికి ఓడెక్కింది. ఆ మూడు రోజులూ బాత్‌రూమ్ గుమ్మంలోనే కూర్చుంది. దాంతో అంత పెద్ద దేశమూ ఆమెకు ఒక వాంతి అయిపోయింది.

నేను పద్దెనిమిదేళ్ళకే చదువుకని చెన్నై వెళ్ళిపోయాను. అక్కడే ఉద్యోగం, పెళ్ళి. పన్నెండేళ్ళ తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లో పని దొరికితే తిరిగొచ్చాను. మిడిల్ పాయింట్‌లో క్వార్టర్స్. అమ్మా అక్కా అదే ఊళ్ళో, బతు బస్తీలోని పాత ఇంట్లోనే ఉండేవాళ్ళు. అక్క ఇడ్లీ పిండి రుబ్బి ప్యాకెట్లు కట్టి అమ్మేది. కొనేవాళ్ళు వేళ్ళు చూపిస్తే అన్ని ప్యాకెట్లు ఇచ్చేది. నేను వెళ్ళిపోయిన ఆ పన్నెండేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా ఎన్నో కొత్త సైగలు పుట్టాయి. నావి మాత్రం పద్దెనిమిదేళ్ళ పిల్ల దగ్గరే ఆగిపోయాయి. తిను, రా, పో, పడుకో, తంతాను. వీటితోనే నేను అక్కతో కాపరం చేసేదాన్ని.

ఒక ఆదివారం భోజనాల దగ్గర అమ్మ ఉన్నట్టుండి అంది.

“నాను పోతే దీని మాట ఎవులికి తెలుస్తాదే?”

“నేనున్నాను కదా” అన్నాను.

అమ్మ నవ్వింది. “నీకా? మొన్న అది ట్యాంకు నిండి నీళ్ళు కారిపోతన్నాయ్ అంటే నువ్వు గొడుగు తెచ్చి సేతిలో ఎట్టినావు. నీకేటి తెలుస్తాది!”

నాకు ఒళ్ళు మండింది. ఎవరైనా నాకు చేతకాదంటే చాలు, ఆ పని చేసి వాళ్ళ ముందు పడేసేదాకా నాకు తిండి సయించదు. అమ్మకు ఆ సంగతి తెలుసు. అక్క సైగ చేస్తే తెలుగులో పలికే యాప్ ఒకటి తయారు చేస్తానని అక్కడే, ఎంగిలి చేత్తోనే శపథం చేశాను. అమ్మ నా వైపు చాలాసేపు చూసి, “సెయ్యి. జల్దీ సెయ్యి” అంది. ఆ ‘జల్దీ’ని నేను చెవిన వేసుకోలేదు.

మొదట ఇంటర్నెట్‌లో దొరికిన సైగల వీడియోలతో యాప్ తయారు చేశాను. అవి బడుల్లో నేర్పే సైగలు. ఫోన్ అక్క ముందు పెట్టి ఏదైనా చెప్పమన్నాను. అక్క కరివేపాకు తెమ్మంది. ఫోన్ గంభీరంగా “రైల్వే స్టేషన్” అని పలికింది. మా దీవుల్లో రైలే లేదు. అమ్మ పడీ పడీ నవ్వింది, నవ్వీ నవ్వీ దగ్గులో పడింది, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. అక్క లేచి వెళ్ళి అమ్మ వీపు రాసింది. నేను తల దించుకుని ఎక్కడ తప్పు జరిగిందా అని లాప్‌టాప్‌లో వెతుక్కుంటున్నాను.

తప్పు తేలిగ్గానే తెలిసింది. అక్క సైగలు అక్క దగ్గరే నేర్చుకోవాలి. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముందు గదిలో వీడియోలు తీయడం మొదలుపెట్టాం. పచ్చ రంగు గోడ ముందు స్టూలు మీద అక్క. ఎదురుగా స్టాండు మీద ఫోన్. ఫోన్ వెనక ఒక పక్క లాప్‌టాప్‌తో నేను, ఇంకో పక్క కుర్చీలో అమ్మ. అక్క ఏదో ఒకటి చెప్పేది, అమ్మ దాని అర్థం చెప్పేది, నేను టైపు చేసేదాన్ని. ఈ కదలికకు ఈ అర్థం అని నేను రాసిందే యాప్‌కు వేదం. దానికి వేరే దారిలో తెలిసే అవకాశం లేదు.

నా లాప్‌టాప్ పాతది. మొత్తం మనిషిని చూడమంటే యాప్ నత్తలా నడిచేది. బరువు తగ్గించాలని అక్క మొహాన్ని లెక్కలోంచి తీసేశాను. యాప్ చేతుల మీద మాత్రమే చుక్కలు పెట్టుకుని, ఆ చుక్కలు ఎటు కదిలాయో చూసేది. సైగల భాష అంటే చేతులే కదా అనుకున్నాను. అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

రెండో వారమో మూడో వారమో అక్క ఒక కొత్త సైగ చేసింది. అరచేత్తో ఛాతీ మీద రెండు సార్లు తట్టి, ఆ చేతిని మెల్లగా ఒళ్ళోకి దించింది. నాకు తెలియని సైగ. అమ్మ వైపు తిరిగాను.

“అలిసిపోనాదంట. బస్, ఇంక సాలు అంటంది” అంది అమ్మ.

‘అలసిపోయాను, ఇక చాలు’ అని టైపు చేసి లాప్‌టాప్ మూసేశాను. నాకూ ఇంటికెళ్ళాలనే ఉంది. మర్నాటికి బట్టలు ఉతుక్కోవాలి.

తర్వాత వారం మళ్ళీ అదే సైగ. ఆ తర్వాత వారం కూర్చున్న కాసేపటికే చేసింది. పోనుపోనూ స్టూలు మీద కూర్చోగానే మొదటి మాట అదే. చేస్తూ గడ్డంతో అమ్మ వైపు చూపించేది. లేవడానికి అమ్మ పర్మిషన్ అడుగుతోంది కాబోలు అనుకునేదాన్ని. “ఏం చేసిందని అప్పుడే అలసిపోవడం? నేను పొద్దున్నుంచీ చేస్తున్నాను, నేను అనడం లేదే” అని విసుక్కునేదాన్ని. అక్కకు వినపడదు కాబట్టి గట్టిగానే అనేదాన్ని. కానీ నా మొహం ఆమెకు కనపడేది.

ఒక వారం అక్కకు చాలా కోపం వచ్చింది. ఎంతో సేపు చేతులు ఊపి ఏదేదో చెప్పింది. మధ్యలో నావైపు వేలు చూపించింది, ఛాతీ తట్టింది, అమ్మ వైపు గడ్డం విసిరింది, ఓడ ఊపింది. అంతా అయ్యాక అమ్మ, “నీకు మల్లీ ఎప్పుడు లీవు అని అడగతంది” అంది.

“ఇంత పొడుగు మాటకు అంతేనా?”

“దానికి అన్నీ పొడుగే. నువ్వు రాసుకో.”

నేను నవ్వి రాసుకున్నాను. అక్క స్టూలు తన్నేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్క కోపంగా అన్నవాటిని అమ్మ ఎప్పుడూ కాస్త చక్కెర కలిపి చెప్పేదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చిన్నప్పుడు అక్క నన్ను తిడుతుంటే “నిన్ను సూసి ముచ్చట పడతంది” అని చెప్పిన మనిషి. అయినా ఆ రోజు నాకు అనుమానం రాలేదు. ఆ వీడియో చేతుల కదలికలు బాగా పడ్డాయని సంతోషించాను.

యాప్ తయారైంది. ఉప్పు, నీళ్ళు, గ్యాస్, పిండి, కరెంటు, ఆదివారం, అన్నీ పట్టేది. అన్నింటికంటే బాగా పట్టేది ‘అలసిపోయాను, ఇక చాలు’. వారం వారం చేసిన సైగ కాబట్టి దానికి వీడియోలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. ఏ వెలుగులో చేసినా, ఏ మూల నుంచి చూసినా ఫోన్ తడుముకోకుండా పలికేది. ఆఫీసులో చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు, సమోసాలు తెప్పించారు. అమ్మకు చూపించాను. “ఇంక నాకు బెంగ నేదు” అంది. ఆ మాట అనడానికి ఆమె మధ్యలో ఒకసారి ఆగి గాలి పీల్చుకుంది. ఇప్పుడు చెప్తున్నాను గానీ, అప్పుడు నేను దాన్ని చూడలేదు.

తర్వాత మూడు వారాలకు, ఆఫీసులో ఉండగా బతు బస్తీ నుంచి పక్కింటి దీదీ ఫోన్ చేసింది. “మమ్మీకి తబియత్ బాగా ఖరాబ్ అయింది, తొందరగా రా.” వెళ్ళేసరికి అమ్మ కుర్చీలో ముందుకు వంగి కూర్చుని గాలి కోసం కొట్టుకుంటోంది. అక్క ఒక చేత్తో ఆమెను, ఇంకో చేత్తో అప్పటికే సర్దేసిన సంచిని పట్టుకుని ఉంది. చీర, దువ్వెన, ఆధార్ కార్డు, అన్నీ. ఎప్పుడో సర్ది పెట్టుకున్న సంచిలా ఉంది. ముగ్గురం ఆటోలో ఆస్పత్రికి వెళ్ళాం.

క్యాజువాలిటీలో అమ్మకు మాస్కు పెట్టారు. ఊపిరి ఇబ్బంది ఎప్పటి నుంచి అని డాక్టర్ హిందీలో అడిగాడు. “రెండు రోజుల నుంచేమో సార్, మొన్న ఎండలో గట్టు ఎక్కింది” అన్నాను. అక్క నా భుజం తోసుకుని డాక్టర్ ముందుకొచ్చి నిలబడింది. ఛాతీ మీద రెండు సార్లు తట్టింది, చెయ్యి కిందికి దించింది. మళ్ళీ తట్టింది.

“యే క్యా బోల్ రహీ హై?” అని డాక్టర్ నన్నడిగాడు, అక్క ఏమంటోందని.

నేను బ్యాగులోంచి ఫోన్ తీశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ నిమిషంలో కూడా నాలో కొంచెం గర్వం ఉంది. నేను తయారు చేసిన వస్తువు నిజంగా అవసరమైన చోట పనికొస్తోందన్న గర్వం. అక్క ముందు పెట్టాను. అక్క మళ్ళీ అదే సైగ చేసింది. ఫోన్ స్పష్టంగా పలికింది.

“అలసిపోయాను. ఇక చాలు.”

డాక్టర్‌కు హిందీలో చెప్పాను. ఆయన తల ఊపి, ఈమెను ఇంటికి పంపేయండి, ఒక్కరుంటే చాలు అన్నాడు. మాస్కు కింద అమ్మ ఏదో అనబోయింది. “మాట్లాడకమ్మా, ఆయాసం పెరుగుతుంది” అన్నాను. అమ్మ నన్ను చూసింది, అక్కను చూసింది.

అక్కను బయటికి తీసుకొచ్చి ఆటో ఎక్కించాను. ఆమె దిగబోయింది. దిగడానికి ఆటో కడ్డీ పట్టుకుని వదలలేదు. నేను ఒక్కో వేలూ ఊడదీశాను. ‘పో. పడుకో’ అని సైగ చేశాను, కోపంగా. డ్రైవర్ భయ్యాకు ఇల్లు చెప్పి పంపించాను.

అమ్మ ఆ సాయంత్రమే పోయింది. మా దగ్గర చీకటి తొందరగా పడుతుంది కదా, వార్డులో లైట్లు వేస్తున్నారు. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయని, గుండె నెలల తరబడి నీరసించి ఉందని, ఇది రెండు రోజుల జబ్బు కాదని డాక్టర్ అన్నాడు. నేను ఆయనతో పోట్లాడాను. అలా అయితే మాకు తెలియదా, మేం ప్రతి ఆదివారం కలిసి కూర్చునేవాళ్ళం అన్నాను. అమ్మ పోయిన సంగతి అక్కకు ఎవరూ చెప్పలేదు. అంబులెన్సు వచ్చి ఇంటి ముందు ఆగాకే ఆమెకు తెలిసింది.

అక్క మిడిల్ పాయింట్ రానంది. నేనే బతు బస్తీ ఇంటికి మారాను, మా ఆయన శని ఆదివారాలు వచ్చేవాడు. వంటింటి కిటికీలో పాత ఫోన్ ఒకటి నిలబెట్టి యాప్ ఎప్పుడూ నడుస్తూ ఉండేలా చేశాను. అక్క నాతో ఎక్కువ చెప్పేది కాదు. ఉప్పు, గ్యాస్, పిండి. ఫోన్ పలికేది, నేను తెచ్చేదాన్ని. అమ్మ బెంగ తీర్చానని నన్ను నేను ఓదార్చుకునేదాన్ని. నిజానికి నాకున్న ఓదార్పు అదొక్కటే.

వానలు మొదలయ్యాక నాకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ఒకరోజు బస్సు దిగి గట్టు ఎక్కి ఇల్లు చేరేసరికి ఊపిరి అందలేదు. వంటింటి గుమ్మంలోనే కూలబడ్డాను. అక్క పిండి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసింది. గడ్డంతో నన్ను చూపించింది. ఛాతీ మీద రెండు సార్లు తట్టి, చెయ్యి కిందికి దించింది.

కిటికీలోంచి ఫోన్ అంది. “అలసిపోయాను. ఇక చాలు.”

“నువ్వేం అలసిపోయావే, అలసిపోయింది నేను” అన్నాను ఆయాసపడుతూ. అక్క మళ్ళీ చేసింది. ఫోన్ మళ్ళీ అంది. అక్క ఇక సైగలు మానేసి నా చంకలో చెయ్యి వేసి లేపింది. అలసిపోయిన మనిషి బలం కాదు అది. రోడ్డు దాకా మోసినంత పని చేసి, ఆటోను చేత్తో కాదు, ఒంటితో అడ్డం నిలబడి ఆపింది.

అదే క్యాజువాలిటీ. ఆ ఫోన్ ఇంట్లో కిటికీలోనే, నా ఫోన్ గుమ్మంలో పడిన బ్యాగులోనే ఉండిపోయాయి. అక్క నర్సు ముందు నిలబడి నన్ను చూపించి ఆ సైగ చేసింది. నర్సు చేస్తున్న పని కూడా ఆపకుండా అడిగింది.

“సాఁస్ నహీ ఆ రహా? కబ్ సే?”

ఊపిరి ఆడటం లేదా, ఎప్పటి నుంచి అని. అంతే. ఆ అమ్మాయికి మా ఇంటి భాష రాదు, మా అక్కను జన్మలో చూడలేదు. ఒక మనిషి ఇంకో మనిషిని చూపించి గుండె మీద చెయ్యి కొట్టుకుంటే ఏమని అర్థమో ఆమెకు ఎవరూ టైపు చేసి ఇవ్వలేదు. ఆ రోజు మధ్యలో నా ఫోన్ లేకపోతే ఆ డాక్టర్‌కూ తెలిసేది.

నాది నిమోనియా కాదని, మందులు వాడమని పంపించారు. ఇంటికొచ్చి, జ్వరంతోనే, పాత వీడియోలన్నీ తెరిచాను. మొహాన్ని యాప్ లెక్కలోంచి తీసేశాను గానీ వీడియోల్లోంచి అది పోలేదు. మూడో వారం నుంచి చివరి వారం దాకా, ప్రతిదాంట్లోనూ అక్క ఛాతీ తట్టి, గడ్డంతో ఫోన్ పక్కకు, అమ్మ కుర్చీ వైపు చూపిస్తూనే ఉంది. పర్మిషన్ కాదు. అమ్మకు ఊపిరి ఆడటం లేదు అని నాకు చెప్తోంది. కోపం తెచ్చుకున్న ఆ పొడుగు వీడియోలో, ఓడ ఊపింది అమ్మను మెయిన్‌ల్యాండ్ ఆస్పత్రికి తీసుకెళ్ళమని. పక్కనే కూర్చున్న అమ్మ గొంతు, “నీకు మల్లీ ఎప్పుడు లీవు అని అడగతంది” అంటోంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఒక్కో మాటకూ మధ్య అమ్మ ఊపిరి చప్పుడు వినపడుతోంది.

అమ్మ ఎందుకలా చేసిందో ఇప్పుడు అడగడానికి లేదు. నాన్నను ఇక్కడి డాక్టర్లు రిఫర్ చేసి చెన్నై ఆస్పత్రికి పంపితే శవపెట్టెలో తిరిగొచ్చాడు, ఆ భయం కావచ్చు. తను వెళ్తే అక్కను ఎవరు చూస్తారన్న దిగులు కావచ్చు. అన్నిటికంటే నన్ను తినేస్తున్నది ఇంకోటి ఉంది. తను ఆస్పత్రిలో పడితే ఈ సైగలకు అర్థాలు చెప్పేవాళ్ళుండరని, యాప్ సగంలో ఆగిపోతుందని, అది అయ్యేదాకా ఓర్చుకుందేమో. అంత పిచ్చి పని మా అమ్మ చేస్తుంది. అమ్మ మీద కోపం వచ్చింది, ఆ కోపం ఇంకా పోలేదు. కానీ అమ్మ అబద్ధం చెప్తే రాసుకున్నది నేను. అక్కను అడగాలని నాకు ఒక్క ఆదివారం కూడా తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్కను కూర్చోబెట్టి ఒక వీడియో చూపించాను. అందులో అమ్మ కనపడదు, గొంతు ఒక్కటే ఉంది, అది అక్కకు లేనట్టే. అక్క తన బొమ్మనే కాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగి, నాకు వచ్చిన చిన్నపిల్లల సైగలతోనే, నిదానంగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది. నేను చెప్పాను. చెప్పాను. చెప్పాను. నువ్వు రాసుకున్నావు. రాసుకున్నావు అనడానికి తన రెండు చేతుల వేళ్ళూ గాలిలో టకటకా ఆడించింది, నేను టైపు చేసేటప్పటి లాగే.

తర్వాత తన కుడి చేతి వేళ్ళను ఎడమ చేత్తో ఒక్కొక్కటిగా వెనక్కి లాగి చూపించింది. ఆటో కడ్డీ.

నేను క్షమించమని అడగాలి. ఎలా అడగాలో తెలియలేదు. ఆ మాటకు మా ఇంట్లో సైగ లేదు. ఇన్నేళ్ళలో అంత పొడుగు భాష తయారు చేసుకున్నాం గానీ, అక్కను క్షమాపణ అడగాల్సిన పని మాలో ఎవరికీ పడుతుందని అనుకోలేదు. చివరికి బళ్ళో తప్పు చేసిన పిల్లలా రెండు చెవులూ పట్టుకుని ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

అక్క నన్ను ఒక్క క్షణం చూసి కళ్ళు మూసుకుంది. వినకూడదనుకుంటే ఆమె చేయగలిగింది అదే. నేను చెవులు వదలకుండా అలాగే కూర్చున్నాను. ఆమె కళ్ళు తెరిచేదాకా నాకు చెప్పుకునే దారి లేదు.